66 అక్షరాల్లో ఒక కొడుకు

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు రాసి పంపిన జీవితకథ నలభై పేజీలూ చదివాను. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన ఇంగ్లండు కుర్రాడు, ఆర్కిటెక్టు కొడుకు. మంచి విషయమే పట్టుకున్నావు. కానీ మొదటి పేజీ నుంచే బురద, తుపాకులు, ఈలలు. వాళ్ల నాన్న పదిహేనో పేజీకి గానీ రాలేదు. వచ్చాక కూడా "ప్రఖ్యాత భవన శిల్పి" అని ఒక్క ముక్కతో సరిపెట్టావు. ఆ బురద లక్షలమంది తొక్కిందే. ఆ ఇల్లు మాత్రం వీడొక్కడిది.

1911 జనాభా లెక్కల కాగితం ముందు పెట్టుకుని కూర్చో. అంతకుముందు లెక్కల్లో మనకు మిగిలినవి దాదాపు అన్నీ గుమాస్తాలు ఎత్తిరాసిన పుస్తకాలే. ఈసారి మాత్రం ఇంటాయన తన చేత్తో నింపిన ఫారమే ఉంది. ఇంట్లో గదులెన్ని అని అడుగుతుంది. వంటగదిని కలపమంటుంది, స్నానాలగది, వసారా, ఆఫీసు వదిలేయమంటుంది. ఊళ్లోవాళ్ల ఇళ్లన్నీ గీసిన మనిషి సొంతింటి గదులు లెక్కపెట్టుకుంటూ, తను పని చేసుకునే గదిని పక్కన పెట్టడం ఒక్కసారి ఊహించు. పుట్టిన పిల్లలెందరు, పోయినవాళ్లెందరు అనే గడులు కూడా ఉంటాయి. ఆ రెండో గడిలో అంకె ఉంటే, యుద్ధానికి ముందే ఆ ఇల్లు ఒక చావు చూసిందన్నమాట. నువ్వు ఆ గడి చూసినట్టు లేదు.

తర్వాత సైన్యంలో చేరిన కాగితం. అందులో "నీ వృత్తి ఏమిటి" అని ఉంటుంది. ఆర్కిటెక్టు దగ్గర శిష్యుడినని రాశాడా, గుమాస్తానని రాశాడా? ఆ ఒక్క మాటలో తండ్రీకొడుకుల సంగతి సగం తెలుస్తుంది. ఒకవేళ ఆ కాగితమే దొరక్కపోతే కంగారు పడకు. 1940 సెప్టెంబరులో లండన్‌పై పడిన బాంబులకు మామూలు సిపాయిల ఫైళ్లు సగానికి పైగా తగలబడ్డాయి. ఆఫీసర్లవి వేరే ఉంటాయి, అక్కడా వెతుకు. లేకపోతే లేదని రాయి.

ఈ విషయంలో నేనూ తప్పు చేశాను. నా తొలి రోజుల్లో ఒక సైనికుడి చావును పేజీన్నర పోరాటంగా వర్ణించాను, నాకే కన్నీళ్లొచ్చాయి. తర్వాత ఆ దళం డైరీ చదివితే ఆ రోజుకి ఉన్నది ఒక్క లైను: ప్రశాంతంగా గడిచింది, ఒక ఓ.ఆర్. మృతి. ఓ.ఆర్. అంటే అదర్ ర్యాంక్స్, ఆఫీసరు కాని సిపాయి. పేరు కూడా వేయలేదు. నా పేజీన్నర కంటే ఆ లైనే బాగుందని ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది.

ఇక నువ్వు అసలు తాకనిది, నా దృష్టిలో నీ కథకు గుండెకాయ, సమాధి. శవాలను స్వదేశానికి తీసుకెళ్లనివ్వలేదు. సొంత స్మారకాలు కట్టుకోనివ్వలేదు. 1917లో పెట్టిన యుద్ధ సమాధుల కమిషన్ లట్యెన్స్, బేకర్, బ్లోమ్‌ఫీల్డ్ లాంటి ఆర్కిటెక్టుల చేత శ్మశానాలు గీయించింది. జనరల్ అయినా సిపాయి అయినా ఒకే కొలత రాయి, సుమారు 81 సెంటీమీటర్ల ఎత్తు. కుటుంబానికి మిగిలింది ఆ రాతి అడుగున ఒక వాక్యం. ఖాళీలతో కలిపి 66 అక్షరాలు మించకూడదు. అక్షరానికి మూడున్నర పెన్నీలు అడిగారు. జనం మండిపడితే, ఇష్టమైతేనే ఇవ్వండన్నారు. ఎవరెవరి ఇళ్లకో, చర్చిలకో రాయి ఎంచిన తండ్రికి సొంత కొడుకు సమాధి మీద దక్కిన పని అది! పైగా దాన్ని గీసింది ఆయన వృత్తివాళ్లే. శవం దొరకని కుర్రాడైతే ఆ వాక్యం కూడా లేదు. ఫ్రాన్సులో శవం దొరకనివాళ్ల కోసం కట్టిన తీప్‌వాల్ స్మారకం మీద 72,000కు పైగా పేర్లున్నాయి, అక్కడ పేరొక్కటే.

కాబట్టి ముందు ఆ వాక్యం ఉందో లేదో చూడు. దాన్ని ఎవరు పంపారో కూడా చూడు, తల్లి సంతకం ఉండొచ్చు. చనిపోయినవాడి జీతం బాకీ ఎవరికి కట్టారో రాసిన రిజిస్టర్లు కూడా ఉన్నాయి. తండ్రి బతికుండగా డబ్బు ఇంకెవరికో వెళ్తే అదొక పెద్ద చిక్కుముడి, దాన్ని తొందరపడి విప్పకు. కుర్రాడు తండ్రిని ద్వేషించాడని నువ్వు ఇరవయ్యో పేజీలో తేల్చేశావు. ఏ కాగితం చెప్పింది నీకు?

గదుల లెక్క దొరకగానే నాకు ఫోన్ చెయ్యి. ఎన్ని గదులో తెలుసుకోవాలని నాకూ ఉంది.

ఇట్లు,
మీ మాస్టారు