గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్‌కి ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీ చేయించుకోవాలా?

అల్ట్రాసౌండ్‌లో గ్రేడ్ 1 (కాలేయంలో కొద్దిపాటి కొవ్వు) అని వచ్చింది, ఎవరో ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీ చేయించుకోమన్నారు, అవసరమా అని ఒకరు అడిగారు. మామూలు వైద్యానికైతే అక్కర్లేదు. అది ఎంఆర్ఐ యంత్రంతో కాలేయంలో కొవ్వు శాతం కొలిచే పద్ధతి, ఎక్కువగా పరిశోధనల్లో వాడేదే. కానీ గ్రేడ్ 1 అన్నారు కదా, ఫర్వాలేదులే అని మాత్రం ఊరుకోకండి.

నాకు చేశారు కాబట్టి చెబుతున్నాను. ఒక పరిశోధనకి మనుషులు కావాలంటే పేరిచ్చాను. సన్నగా ఉంటాను, మందు ముట్టను, అల్ట్రాసౌండ్ రిపోర్టులో లివర్ నార్మల్ అనే ఉంది. స్కానర్‌లో పడుకోబెట్టి పొట్ట మీద సంకేతాలు పట్టే కాయిల్ బిగించారు. టెక్నీషియన్ ముందు మామూలు బొమ్మలు తీసి, కాలేయం కుడి భాగంలో రక్తనాళాలు తగలని చోటు చూసి, రెండు మూడు సెంటీమీటర్ల పెట్టె ఒకటి గీశాడు. "ఊపిరి వదిలి బిగబట్టండి సార్, మీరు కదిలితే పెట్టె పక్కకు పోతుంది" అన్నాడు. ఆ దడదడ చప్పుడులో ఊపిరి బిగబట్టడం అనుకున్నంత తేలిక కాదు.

బయటికొచ్చి చూస్తే తెర మీద కాలేయం బొమ్మ లేదు, ఒక గీత ఉంది. ఫ్రీక్వెన్సీ కొలతలో 4.7 దగ్గర నీటి శిఖరం తాటిచెట్టులా నిటారుగా, 1.3 దగ్గర కొవ్వుది పొట్టిగా. నీటిలోని హైడ్రోజన్, కొవ్వులోని హైడ్రోజన్ కాస్త వేరువేరు ఫ్రీక్వెన్సీల్లో పలుకుతాయి. ఆ రెండు శిఖరాల వైశాల్యాలను పోలిస్తే కొవ్వు శాతం తేలుతుంది. నాది 9. అమెరికాలో డాలస్ హార్ట్ స్టడీ వాళ్లు 2005లో, ఏ రిస్కూ లేని 345 మందిని ఇలాగే కొలిచి 5.56ను హద్దుగా పెట్టారు. నేను దాన్ని ఎప్పుడో దాటేశాను.

అల్ట్రాసౌండ్ కొద్దిపాటి కొవ్వును తరచూ వదిలేస్తుంది. పైగా గ్రేడ్ అనేది చూసేవాళ్ల కంటి అంచనా. అదే సెంటర్‌లో మనిషి మారితే గ్రేడూ మారొచ్చు. వేలు పోసి కొనే మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో ఇచ్చేది ఈ అంచనానే. నేను రాత్రి అన్నం, తీపి పానీయాలు మానేసి నడక మొదలుపెట్టాక అదే పరిశోధనలో మళ్లీ తీస్తే 4కి దిగింది. బరువు పెద్దగా తగ్గలేదు. అల్ట్రాసౌండ్‌నే నమ్ముకుని ఉంటే అప్పుడూ నార్మలే, ఇప్పుడూ నార్మలే.

మనవాళ్లు మాత్రం "పీలగా ఉన్నావు, నీకు కొవ్వేంట్రా" అంటారు. యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2006లో సన్నటి, ఆరోగ్యంగా ఉన్న భారతీయ మగవాళ్లను ఇదే పద్ధతిలో కొలిస్తే, తెల్లవాళ్ల కంటే దాదాపు రెట్టింపు కొవ్వు కనిపించింది. బరువు తూచుకుని ధైర్యం తెచ్చుకోవడం మన ఒంటికి పనికిరాదు. లివర్ డీటాక్స్ సిరప్‌లు అంతకన్నా పనికిరావు.

మీకు నిజంగా శాతమే కావాలంటే ఎంఆర్ఐలో పీడీఎఫ్ఎఫ్ (కొవ్వు శాతం లెక్కగట్టే స్కాన్) చేస్తారేమో అడగండి. స్పెక్ట్రోస్కోపీ చూసేది ఆ చిన్న పెట్టెలోని ముక్కనే, పీడీఎఫ్ఎఫ్ కాలేయం మొత్తాన్నీ చూస్తుంది. అయితే ఈ రెండూ కొవ్వునే కొలుస్తాయి, కాలేయం దెబ్బతిని మచ్చ కట్టిందో (ఫైబ్రోసిస్) లేదో చెప్పవు. అసలు ప్రమాదం ఆ మచ్చ. అది ఉండే అవకాశం ఎంతో తెలియాలంటే మొదట ఫిబ్-4 అనే లెక్క వేయించుకోండి. వయసు, రక్తపరీక్షలో వచ్చే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ (కాలేయ ఎంజైమ్‌లు), ప్లేట్‌లెట్లు ఉంటే చాలు. అది ఎక్కువొస్తే డాక్టర్ని అడిగి ఫైబ్రోస్కాన్ (కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే పరీక్ష) చేయించుకోండి. ఎస్‌జీపీటీ ఒక్కటే చూసి అంతా బాగుందనుకోవద్దు, 9 శాతం కొవ్వు ఉన్న రోజున కూడా నాది నార్మల్‌గానే వచ్చింది.