రిపోర్టు కొనకండి, ఈస్ట్ పని అమ్మాయినే చేయనివ్వండి

ప్రశ్న: మాది గుంటూరు, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. మా అమ్మాయి నాగార్జున యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ఆఖరి సెమిస్టర్. మిథనాల్ తిని బతికే ఈస్ట్ నుంచి ఆల్కహాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ తీసి శుద్ధి చేయడం ప్రాజెక్టట. రాత్రి తొమ్మిది దాటితే గానీ ఇంటికి రావడం లేదు. మిథనాల్ విషమంటారు. విజయవాడలో ఒక సెంటర్ వాళ్లు డబ్బు కడితే రిపోర్టు రాసిస్తామంటున్నారు. ఆ టైములో సాఫ్ట్‌వేర్ కోర్సు చేయిస్తే మంచిది కదా?

జవాబు: రిపోర్టు మాత్రం కొనకండి. ఎందుకో మీ యార్డు లెక్కలోనే చెబుతాను.

ఈ ఈస్ట్‌ను మిథనాల్ మీద పెంచితే, దాన్ని అరిగించుకోవడానికి ఆ ఎంజైమ్‌ను కుప్పలుగా తయారు చేసుకుంటుంది. కణంలో కరిగే ప్రొటీన్‌లో 30 శాతం దాకా అదే ఉండొచ్చు. మీ దగ్గర 100 కిలోల కాయలో 30 కిలోలు మేలు రకం, మిగతాది తాలు, చెత్త అనుకోండి. ఎంత ఏరినా శుద్ధి మూడు రెట్లకు కాస్త పైన ఆగిపోవాల్సిందే. నేను చూసిన ఒక కొన్న రిపోర్టులో ఇదే ఎంజైమ్‌ను 85 రెట్లు శుద్ధి చేసినట్టు పట్టిక ఉంది. వేరే ఎంజైమ్ పట్టిక తెచ్చి అతికించారు. ‘మొదట్లో ఎంత ఉంది?’ అని ఇంటర్వ్యూలో అడిగితే ఆ రిపోర్టు కొన్న పిల్లకు నోట మాట రాలేదు. ఆమె ముఖం నాకింకా గుర్తుంది.

మీ అమ్మాయి చేస్తున్న పని చూడండి. కణాలను గాజుపూసలతో పగలగొట్టాలి, అమ్మోనియం సల్ఫేట్‌తో ప్రొటీన్ దించాలి, కాలమ్‌లో, అంటే ప్రొటీన్లను విడదీసే పదార్థం నింపిన నిలువు గొట్టంలో, వేరుచేయాలి, అంతా ఐసు మీదే. కాలమ్ నుంచి దిగే ద్రవం పట్టిన చిన్న గొట్టాల్లో ఎక్కడ లేత పసుపు కనిపిస్తే అక్కడ ఎంజైమ్ ఉందని ఆశ పడొచ్చు. ఆ రంగు ఎంజైమ్‌ను అంటిపెట్టుకుని దాని పనికి తోడ్పడే ఎఫ్‌ఏడీ అనే చిన్న అణువుది. కానీ రంగు చూసి సరిపెట్టుకోకూడదు. ప్రతి దశలో ప్రొటీన్ ఎంత, యాక్టివిటీ (ఎంజైమ్ పనిచేసే సత్తా) ఎంత కొలిచి పట్టికలో రాయాలి. ఒక్కోసారి సగం యాక్టివిటీ కాలమ్‌లోనే పోతుంది. ఎందుకు పోయిందో వెతికిన పిల్లలే తర్వాత నిలబడతారు. ఆ తర్వాత ఏ పీహెచ్‌లో, ఎంత వేడిలో బాగా పనిచేస్తుందో, కేఎం (ఎంజైమ్ సగం వేగం అందుకోవడానికి ఎంత గాఢతలో మిథనాల్ కావాలో చెప్పే అంకె) ఎంతో తేల్చాలి.

మిథనాల్ గురించి మీ భయం న్యాయమే. తాగితే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. ఈస్ట్ పెరిగే ద్రవంలో ఉండేది సాధారణంగా ఒక శాతం అటూ ఇటూ. సీసాలోంచి కొలిచేటప్పుడు ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్, గ్లవ్స్ ఉన్నాయా, దగ్గర్లో మంట లేదు కదా అని అమ్మాయిని అడగండి.

ఉద్యోగాల మాట. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకా, 2022లో 12–14 ఏళ్ల పిల్లలకు వేసిన బయోలాజికల్-ఇ వారి కార్బెవాక్స్, రెండూ మిథనాల్ తినే పికియా అనే ఈస్ట్‌లో తయారైనవే. అలాంటి కంపెనీల్లో ప్రొటీన్ శుద్ధి చేసే విభాగాన్ని డౌన్‌స్ట్రీమ్ ప్రాసెసింగ్ అంటారు. అక్కడ అడిగేది సరిగ్గా ఈ పట్టికే. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ అంత ఉండకపోవచ్చు, ముందే అనుకోండి. పరిశోధన వైపు వెళ్లాలంటే సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష రాయాలి. అందులో పరిశోధన విద్యార్థులకిచ్చే జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్. కంప్యూటర్ నేర్చుకోవడం తప్పేమీ కాదు, ప్రాజెక్టు అయ్యాక చేయించండి.

ఇక రాత్రి పూట సంగతి. కాలమ్ పెట్టిన రోజు మధ్యలో వదిలి రావడం కుదరదు. ఆ రోజులేవో ముందే చెప్పమనండి. ఆ రాత్రులు బస్టాండుకు మీరే ఎదురెళ్లండి.