కరెంటుకు కొరత లేదంటారు, మరి మరమ్మతుల పేరుతో ఎందుకు తీస్తారు?

"దేశంలో కరెంటు సరిపడా ఉందంటున్నారు. మరి 'మరమ్మతుల కారణంగా రేపు ఉదయం 9 నుంచి ఒంటి గంట వరకు సరఫరా ఉండదు' అని పేపర్లో అన్నిసార్లు ఎందుకు వేస్తారు? ఇంకో నాలుగు ప్లాంట్లు కడితే ఈ బాధ పోదా?" అని అడిగారు. ట్రాన్స్‌మిషన్ సబ్‌స్టేషన్లలో ముప్పై ఏళ్లకు దగ్గరగా పనిచేసి రిటైరయ్యాను, అందులో సగం షిఫ్టు డ్యూటీలే. కాబట్టి చూసిందే చెప్తాను.

ప్లాంట్లు కడితే పోదు. 2024 మే 30న దేశం మొత్తం డిమాండ్ 2.5 లక్షల మెగావాట్లకు చేరింది, దాన్ని తట్టుకున్నారు కూడా. ఇబ్బంది కరెంటు పుట్టే చోట కన్నా అది నడిచే దారిలోనే ఎక్కువ. 2012-13లో ఉమ్మడి రాష్ట్రంలో ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు ఇచ్చిన రోజులు గుర్తున్నాయా? అప్పుడు దక్షిణాది గ్రిడ్‌కు, అంటే ఇక్కడి లైన్ల, సబ్‌స్టేషన్ల అల్లికకు, మిగతా దేశంతో తాల్చేరు–కోలారు లాంటి డీసీ (డైరెక్ట్ కరెంట్) లింకులే ఆధారం. అవతల కరెంటు దొరికినా, తెచ్చుకునే లైన్లు చాలేవి కావు. 2013 డిసెంబర్ 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ (కిలోవోల్టుల) లైన్‌కు కరెంటు ఎక్కించాకే దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎండాకాలం సాయంత్రాలు గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 48 హెర్ట్జ్ దగ్గర వేలాడేది. అది 50 దగ్గర ఉండాలి, వాడకానికి సరఫరా చాలకపోతే పడిపోతుంది. ఇప్పుడు 49.90కీ 50.05కీ మధ్య ఉంచాలన్నది రూలు.

ఇక మరమ్మతుల సంగతి. మాకు వేడిని చూపించే థర్మో కెమెరాలు రాని రోజుల్లో రాత్రిపూట యార్డ్ లైట్లన్నీ ఆపేసేవాళ్లం. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగి, తలెత్తి ఒక్కో జాయింటూ చూసుకుంటూ నడిచేవాళ్లం. ఒక ఏప్రిల్ రాత్రి 220 కేవీ ఐసోలేటర్ (లైన్‌ను విడదీసే స్విచ్) మీద, మూడు ఫేజుల్లో ఒకటైన వై ఫేజ్ తీగను బిగించి పట్టుకునే క్లాంపు బీడీ నిప్పులా కనబడింది. బోల్టు వదులైతే అక్కడ రెసిస్టెన్స్ పెరుగుతుంది. పైగా లోడ్ రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. అదే క్లాంపును పగలు చూస్తే మామూలుగానే ఉంది.

పొద్దున్నే లోడ్ డిస్పాచ్‌కి, అంటే గ్రిడ్‌ను నడిపే కంట్రోల్ రూమ్‌కి, ఫోన్ చేసి ఎల్‌సీ అడిగాం. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. లైన్ ఆపేసి, ఎర్త్ చేసి, పని చేసుకోవడానికి రాతపూర్వకంగా ఇచ్చే అనుమతి. "లోడ్ ఎక్కువుంది, రేపు చూద్దాం" అన్నారు. మర్నాడూ అదే మాట. మూడో రోజూ అంతే. వాళ్లను తప్పుపట్టడానికీ లేదు. ఈ లైన్ తీస్తే పక్క లైన్ ఒక్కటే మొత్తం లోడ్ మోయాలి, ఎండాకాలం అది మోయలేదు. నాలుగో రోజు సాయంత్రం ఏడింటికి క్లాంపు కాలిపోయి, జంపర్ (రెండు చోట్లను కలిపే తీగ ముక్క) ఊడి స్ట్రక్చర్ మీద పడింది. లైన్ ట్రిప్, అంటే దానంతటదే ఆగిపోయింది. రెండో లైన్ ఓవర్‌లోడై అదీ ట్రిప్. మూడు 132 కేవీ సబ్‌స్టేషన్లు చీకటైపోయాయి. ఆ రాత్రి మోగిన ఫోన్లూ, పడిన టెన్షనూ చెప్పక్కర్లేదు. కొత్త క్లాంపు బిగించడానికి మాత్రం నలభై నిమిషాలు పట్టింది. మూడు రోజులుగా మేము అడిగిందీ ఆ నలభై నిమిషాలే.

2012 జూలై 30న ఉత్తరాదిలో జరిగింది కూడా ఇంచుమించు ఇలాంటిదే, కాకపోతే పెద్ద ఎత్తున. బీనా–గ్వాలియర్–ఆగ్రా దారిలో ఒక సర్క్యూట్‌ను 765 కేవీకి పెంచే పని కోసం ఆపి ఉంచారు. కొన్ని రాష్ట్రాలు తమ వాటాకు మించి లాగుతున్నాయి. మిగిలిన 400 కేవీ బీనా–గ్వాలియర్ లైన్ తెల్లవారుజామున 2.33కి ట్రిప్ అయింది, ఉత్తర గ్రిడ్ మొత్తం కూలిపోయింది. మర్నాడు మధ్యాహ్నం ఒంటి గంటకు మళ్లీ కూలింది, ఈసారి ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ. 60 కోట్ల మందికి పైగా ఉండే ప్రాంతం అది. అక్కడ లైన్ ఆపింది దాన్ని పెంచడానికే అన్నది గమనించండి. గ్రిడ్‌ను బాగుచేయాలన్నా, పెంచాలన్నా ముందు ఏదో ఒక ముక్కను ఆపాలి. అది ఆపినప్పుడు మోయడానికి ఇంకో దారి ఉండాలి. కొత్త లైన్లు ఎక్కువ కరెంటు తేవడానికే అనుకుంటారు గానీ, పాత లైన్లకు ఎల్‌సీ దొరకాలన్నా అవే కావాలి.

ఆ కొత్త లైన్లు వేయడం ఏమంత తేలిక కాదు. సోలార్ ప్లాంటును ఒకచోట భూమి తీసుకుని చకచకా కట్టేయవచ్చు. లైన్ వందల ఊళ్ల పొలాల మీదుగా పోవాలి. టవర్ పడ్డ రైతుకు పరిహారం చాలదన్న గొడవ ఏళ్ల తరబడి ఉంది, అందులో న్యాయమూ ఉంది. టవర్ కింద పోయే భూమికి విలువకు రెండింతలు, తీగల కింది కారిడార్‌కు 30 శాతం ఇవ్వాలని కేంద్రం 2024 జూన్‌లో మార్గదర్శకాలిచ్చింది. నన్నడిగితే ఇది ఇరవై ఏళ్ల కిందటే రావాల్సింది. రాజస్థాన్, గుజరాత్‌లలో ఇంకో చిక్కు, బట్టమేక పక్షి. తీగలకు తగిలి చచ్చిపోతోందని, అది తిరిగే ప్రాంతాల్లో లైన్లు భూమిలో వేయాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, 2024లో ఆ ఆదేశాన్ని సడలించింది.

మీ పేపర్ ప్రకటన దగ్గరికొస్తే, అది ఎక్కువగా 11 కేవీ ఫీడర్ పని, అంటే సబ్‌స్టేషన్ నుంచి మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్లకు వచ్చే లైన్ పని. తీగలకు తగులుతున్న కొమ్మలు కొట్టడం, పగిలిన ఇన్సులేటర్లు మార్చడం, వదులైన జంపర్లు బిగించడం. వానలు తగ్గాక, ఎండలు ముదరకముందు ఇవి చేసుకుంటే మేలు. ముందే చెప్పి తీసే కోతకూ, లోడ్ మోయలేక చెప్పకుండా తీసే ఎమర్జెన్సీ లోడ్ రిలీఫ్‌కూ తేడా ఉంది. మొదటిదాని మీద కోప్పడకండి. కానీ ఒకే ఫీడర్‌ను నెలనెలా తీస్తుంటే మాత్రం ఏఈని (అసిస్టెంట్ ఇంజనీర్‌ను) కలిసి ఏ పని చేశారో అడగండి. పదేపదే అదే చోట పోతోందంటే సాధారణంగా కండక్టర్ (లైన్ తీగ) పాతబడి ఉంటుంది, లేదా లోడ్ మించి ఉంటుంది. అప్పుడు ఆ ఫీడర్‌ను రెండుగా విడదీయమని అర్జీ పెట్టాలి, నలుగురూ కలిసి పెడితే ఇంకా మంచిది.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి. కరెంటు తీసిన ఆ నాలుగు గంటల్లో చేంజోవర్ స్విచ్ (ఇంటిని బయటి లైన్ నుంచి విడదీసి జనరేటర్‌కు మార్చే స్విచ్) లేకుండా జనరేటర్‌ను ఇంటి వైరింగ్‌కు కలపొద్దు. ఆ కరెంటు మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి వెళ్లి అవతల 11 వేల వోల్టులవుతుంది. ఆ స్తంభం మీద లైన్‌మన్ ఉంటాడు.