తెలుగు మీడియంలో చదివి, ఇంట్లో లాయర్లు లేకుండా వరంగల్‌లో ప్రాక్టీస్ మొదలుపెట్టవచ్చా?

మూడేళ్ల లా చివరి ఏడాదిలో ఉన్నానని, డిగ్రీ దాకా తెలుగు మీడియమేనని, వరంగల్‌లో ఉండాలా హైదరాబాద్ వెళ్లాలా తేలడం లేదని రాశారు. పన్నెండేళ్ల కింద నాదీ ఇదే పరిస్థితి. మాది పరకాల వైపు ఊరు, నాన్న వ్యవసాయం చేసేవారు. కాకతీయ యూనివర్సిటీలో లా చదివి హన్మకొండ కోర్టులోనే ప్రాక్టీస్ చేస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను: మొదటి మూడేళ్లు ఇక్కడే, ట్రయల్ కోర్టులోనే ఉండండి.

మనకు పని నేర్పేది కేసు కట్ట, అంటే ఒక కేసు కాగితాలన్నీ ఉండే ఫైలు. ఒక సివిల్ దావా నోటీసు దగ్గర మొదలై కౌంటర్ (అవతలివాళ్ల రాతపూర్వక జవాబు), ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన అంశాలు), సాక్షుల విచారణ, క్రాస్ (అవతలి లాయరు వేసే ప్రశ్నలు), వాదనలు దాటి తీర్పు దాకా, ఆ తర్వాత ఎగ్జిక్యూషన్ (తీర్పు అమలు) దాకా నడవడం కళ్లారా చూసేది జిల్లా కోర్టుల్లోనే. హైకోర్టుకు చేరేసరికి అదంతా టైపు చేసిన కాగితాలై ఉంటుంది. బోనులో సాక్షి ఏ ప్రశ్నకు ఆగిపోయాడో, ఎవరి వైపు చూశాడో ఆ కాగితాల్లో దొరకదు. హైదరాబాద్ తర్వాత కూడా వెళ్లవచ్చు.

తెలుగు మీడియం అని మీరు భయపడుతున్నారు కానీ, మన దగ్గర భూమి కేసులు ఏ కాగితాల మీద నడుస్తాయో ఒకసారి చూడండి. పహాణీ (భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారో రాసే రెవెన్యూ రికార్డు), ఖాస్రా పహాణీ (దాని పాత రూపం), సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్ల కాగితం మీద రాసుకున్న భూమి అమ్మకం కాగితం). వీటిని తడుముకోకుండా చదవగలగడం పెద్ద బలం. నేను ఆ బలాన్ని వాడుకోక ఒక తప్పు చేశాను. మీరు చేయకూడదని చెప్తున్నాను.

చేరిన ఏడాదే, ఒక పెద్దమ్మ ప్లాస్టిక్ కవర్లో సాదాబైనామా, నాలుగు పహాణీ నకళ్లు పట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. "నా భూమిల నన్నే నాగలి కట్టనిస్తలేరు బిడ్డా" అంది. అవతలివాళ్లు భూమిలోకి అడ్డు రాకుండా ఆపే ఇంజంక్షన్ దావా రాయమని మా సీనియర్ నాకిచ్చారు. పహాణీలో సర్వే నంబరు 214/ఆ అని ఉంది. నేను ఇంగ్లీషులో 214/ఎ అని కొట్టాను. 214/అ పక్కవాళ్లది, అంటే మేం ఎవరి మీద దావా వేశామో వాళ్లది. ఇంగ్లీషులో 'ఎ' అంటే ఆ 'అ'నే, పెద్దమ్మ 'ఆ'కి 'ఎఎ' అని ఉండాలి. "దావాలో చూపిన భూమి మాదే" అని వాళ్లు కౌంటర్ వేశారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 6 రూల్ 17 కింద సవరణ పిటిషన్ వేసి, అది తేలేసరికి నాలుగు నెలలు పట్టింది. ఆ వానాకాలం ఆమె చేను బీడు పడింది. సీనియర్ నన్ను ఒక్క మాట అనలేదు. పహాణీ ముందు పెట్టి, ఒక్కో గడి కింద పెన్సిల్ ఆనించి పైకి చదవమన్నారు. అప్పటి నుంచి సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు ముందు తెలుగులో ఉన్నవి ఉన్నట్టు చేత్తో రాసుకుంటాను. ఆ తర్వాతే ఇంగ్లీషులోకి మారుస్తాను.

ఇంగ్లీషు మాత్రం తప్పదు. హైకోర్టు భాష అదే, రాజ్యాంగం 348వ అధికరణం అలా చెప్తోంది. మంచి లాయర్ రాసిన దావా ఒకటి తీసుకుని రోజుకు రెండు పేజీలు చేత్తో ఎత్తి రాయండి. నాకు కోచింగుల కన్నా ఇదే పనికొచ్చింది.

సీనియర్‌ను పేరు చూసి ఎంచుకోవద్దు. జూనియర్ చేతికి కట్ట ఇస్తారా, వాళ్లు రాసినదాన్ని దిద్దుతారా, చిన్న పిటిషన్లైనా వాళ్లతో వాదింపజేస్తారా అని అక్కడ పనిచేసేవాళ్లనే అడగండి. రెండేళ్లయినా వాయిదాలు అడగడానికే పంపుతున్నారంటే మొహమాటపడకుండా మారండి. కేసుల తేదీలు, గడువుల డైరీ మాత్రం మీరే రాయండి. చెక్ బౌన్స్ కేసులో చెక్కు చెల్లలేదని బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, అది అందాక అవతలివాళ్లకు 15 రోజుల గడువు, అది దాటాక నెలలోపు కంప్లెయింట్. ఒక తేదీ తప్పితే క్లయింట్ డబ్బే పోవచ్చు.

క్రిమినల్ వైపు మీ బ్యాచ్ పాతదీ కొత్తదీ రెండూ చదవాలి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చినా, అంతకు ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతి ఐపీసీనే వర్తిస్తుంది. సెక్షన్ నంబర్ల దగ్గర జాగ్రత్త. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 482 అంటే హైకోర్టులో కేసు కొట్టేయించుకునే పిటిషన్. దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 482 అంటే ముందస్తు బెయిలు.

లాయర్‌గా బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకునే ఎన్‌రోల్‌మెంట్ ఫీజు చట్టం ప్రకారం 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. అంతకు మించి వసూలు చేయకూడదని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత రాసే ఆలిండియా బార్ పరీక్షకు నోట్స్ లేని బేర్ యాక్టులు (చట్టం పాఠం మాత్రమే ఉన్న పుస్తకాలు) లోపలికి తీసుకెళ్లనిస్తారు. ఏ సెక్షన్ ఎక్కడుందో వేళ్లకు తెలిసుంటే టెన్షన్ అక్కర్లేదు. జడ్జి పరీక్ష ఆలోచన ఉంటే, కనీసం మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. నేను చెప్పే మూడేళ్లు దానికీ లెక్కకొస్తాయి.

డబ్బు సంగతి దాచను. నాకు మొదటి ఏడాది నెలకు మూడు వేలు వచ్చేవి. జూనియర్లకు పట్టణాల్లో 20,000, గ్రామాల్లో 15,000 ఇవ్వాలని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది, అయితే అది సూచన మాత్రమే. రెండేళ్లు ఇంటి మీద ఆధారపడాల్సి రావచ్చని అమ్మానాన్నలతో ఇప్పుడే కూర్చుని మాట్లాడండి. నేను చెప్పకుండా నెట్టుకొచ్చాను, నాన్న చాలా బాధపడ్డారు.

ఈ సోమవారం కాలేజీకి వెళ్లే ముందు తెల్ల చొక్కా వేసుకుని హన్మకొండలో కోర్టు ఉన్న అదాలత్ సెంటర్ దగ్గర దిగండి. కోర్టు పదిన్నరకు మొదలవుతుంది, పదింటికే లోపల ఉండండి. జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో వెనక బెంచీ మీద కూర్చుని, ఒక్క సాక్షి విచారణ మొదటి నుంచి చివరి దాకా వినండి. ఏమీ అర్థం కాకపోతే ఆ కేసు నంబరు రాసుకుని ఇక్కడే నన్ను అడగండి.