ఆట సంగతి తర్వాత.. ముందు ఆ నొప్పి మాత్ర ఆపండి

ప్రశ్న: నా వయసు 43. మా ఆఫీసుకి ఒకతను చేతిలో పట్టుకుని ఆడే గేమ్ కన్సోల్ తెచ్చాడు. అందులో అసలు ఆట ఎవరికీ అక్కర్లేదు. మధ్యలో వచ్చే చిన్న మినీగేమ్ ఒకటుంది. పైనుంచి పడేవాటిని బటన్ నొక్కి పట్టుకోవాలి, అంతే. సెక్షన్ మొత్తానికీ అదే పిచ్చి. లంచ్ టైమంతా వంతులు వేసుకుని ఆడుతున్నాం, స్కోర్లు వైట్‌బోర్డు మీద రాస్తున్నాం. ప్రస్తుతం రికార్డు నాదే. ఇది వ్యసనం కిందికి వస్తుందా? మావాళ్లతో ఎలా మాన్పించాలి? నెలన్నరగా కుడి బొటనవేలు మొదట్లో నొప్పి ఉంది. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్ర రోజూ వేసుకుంటే తగ్గుతోంది, ఆడగలుగుతున్నాను. రాత్రిపూట వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. బీపీకి మందు వాడుతున్నాను. కళ్లు ఎర్రబడితే అందరం ఒకరి దగ్గరున్న చుక్కల మందే వేసుకుంటున్నాం.

జవాబు: ఆట గురించి ఇంత రాశారు, మాత్ర గురించి ఒక్క ముక్కతో సరిపెట్టారు. నాకు కంగారు పుట్టించింది ఆ ఒక్క ముక్కే. మాత్ర పేరు రాయలేదు, రోజుకి ఎన్ని వేసుకుంటున్నారో రాయలేదు. పైగా బీపీ ఉందంటున్నారు.

నొప్పి అని అడిగితే షాపులో సాధారణంగా చేతిలో పెట్టేది డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మందు. రెండు మూడు రోజులకైతే చాలామందికి ఇబ్బంది ఉండదు. నెలన్నర అంటే వేరే లెక్క. ఇవి కడుపులో పుండ్లు చేయగలవు, బీపీని పెంచగలవు, కొన్ని బీపీ మందుల్ని సరిగా పనిచేయనివ్వవు. మీరు వాడే బీపీ మాత్ర స్ట్రిప్ ఒకసారి తిప్పి చూడండి. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి పేరుతో పాటు హైడ్రోక్లోరోథయాజైడ్ లేదా క్లోర్‌థాలిడోన్ అని కూడా ఉంటే, ఒకే మాత్రలో రెండు మందులు కలిసి ఉన్నట్టు. వాటికి ఈ నొప్పి మాత్ర తోడైతే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం మరింత ఎక్కువ. నొప్పి మాత్ర ఇవాళే ఆపండి. బీపీ మాత్రని మాత్రం సొంతంగా ఆపొద్దు. కిడ్నీల పనితీరు తెలిపే సీరం క్రియాటినిన్, యూరిన్ పరీక్ష చేయించుకుని, బీపీ చూపించుకుని, రెండు స్ట్రిప్పులూ పట్టుకుని మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మలం నల్లగా వస్తున్నా, కాళ్లు వాచినా, మూత్రం తగ్గినా ఆగకుండా వెళ్లాలి.

అసలు నొప్పి మాత్ర వేసుకుని అదే వేలితో మళ్లీ ఆడటం ఏమిటండీ? కుక్క మొరుగుతోందని దాని మూతి కట్టి, దొంగని లోపలికి రానిచ్చినట్టుంది. ఆపమని చెబుతున్నది ఆ నొప్పే.

మీరు రాసినదాన్ని బట్టి నా మొదటి అనుమానం డీ క్వెర్‌వేన్స్ అనే జబ్బు మీద. బొటనవేలిని పక్కకీ పైకీ లాగే రెండు టెండన్లు (కండని ఎముకకి కలిపే తాళ్లలాంటివి) మణికట్టు దగ్గర ఒక ఇరుకైన గొట్టంలాంటి తొడుగులోంచి వెళ్తాయి. అదేపనిగా ఒరిపిడి పడితే ఆ తొడుగు మందమై టెండన్లు బిగుసుకుంటాయి. పెద్ద ఆటలో చేతులు రకరకాలుగా కదులుతాయి. మినీగేమ్‌లో అదే బటన్, అదే వేలు. నొక్కనప్పుడూ వేలు బటన్ మీద గాల్లో నిలబడే ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ పట్టు మనకి తెలియకుండానే బిగుస్తుంది. ఇదేం కొత్త జబ్బు కాదు. 1990లోనే న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక డాక్టర్ దీనికి ‘నింటెండినైటిస్’ అని సరదా పేరు పెట్టి ఉత్తరం రాశారు. అందులోని పేషెంటు చిన్నపిల్ల కాదు, ఏకబిగిన ఐదు గంటలు ఆడి బొటనవేలు పట్టేసిన 35 ఏళ్ల మహిళ.

బొటనవేలిని అరచేతిలోకి మడిచి, గుప్పిట మూసి, మణికట్టుని చిటికెనవేలి వైపు మెల్లగా వంచండి. బొటనవేలి వైపు మణికట్టులో నొప్పి జివ్వుమంటే అనుమానం బలపడుతుంది. ఒక్కసారి చాలు, పదే పదే చేసి చూడొద్దు. అయితే నలభై దాటాక బొటనవేలి మొదట్లో కీలు అరిగినా దాదాపు అక్కడే నొప్పి వస్తుంది. చెయ్యి చూడకుండా తేల్చి చెప్పలేను, ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి. ఈలోగా ఆట బంద్. ఫోన్‌లో టైపింగ్ రెండో చేత్తో కానివ్వండి. మణికట్టుకి మాత్రమే వేసే సాగే పట్టీ దీనికి పనికిరాదు, బొటనవేలిని కూడా కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్ కావాలి. తగ్గకపోతే తొడుగులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు, ఆపరేషన్ దాకా వెళ్లేది కొద్దిమందే.

తిమ్మిర్లు ఏ వేళ్లలో? అది రాయలేదు. బొటన, చూపుడు, మధ్య వేళ్లలో అయితే మణికట్టులో నరం నలుగుతుండొచ్చు. చిటికెన, ఉంగరం వేళ్లయితే మోచేయి దగ్గర చూడాలి, కన్సోల్ పట్టుకుని చాలాసేపు మోచేయి మడిచే కూర్చుంటారు కదా. షుగర్, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించండి. రాత్రిళ్లే కదా అని నెలలు నెట్టుకొస్తే బొటనవేలి కింది కండ చిక్కిపోతుంది, చేతిలో వస్తువులు జారిపోతాయి. ఆ దశలో ఆపరేషన్ చేసినా పూర్తి బలం రాకపోవచ్చు. ఒక పక్క చెయ్యి హఠాత్తుగా మొద్దుబారి, మాట తడబడితే అది ఆట వల్ల వచ్చింది కాదు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఇక వ్యసనం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో 2022 జనవరి నుంచి గేమింగ్ డిజార్డర్ అమల్లో ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులకన్నా అదే ముఖ్యమైపోవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇవన్నీ సాధారణంగా 12 నెలలైనా సాగి, ఇంటినీ ఉద్యోగాన్నీ గట్టిగా దెబ్బతీస్తుంటే ఆ పేరు పెడతారు. లంచ్ టైమ్‌లో వంతులు వేసుకుని ఆడితే అది జబ్బు కాదు, మీవాళ్లకి నా మందేమీ అక్కర్లేదు. రికార్డు కోసం మాత్ర మింగి ఆడుతున్నది మీరు. మూడో లక్షణం ఇంకోసారి చదువుకోండి. ఆపుదామనుకుని ఆపలేకపోతే సైకియాట్రిస్ట్‌తో మాట్లాడటానికి మొహమాటపడొద్దు.

ఆ కళ్ల చుక్కలు ఎవరివి, ఎవరికి రాసిచ్చినవి? తెరవంక కన్నార్పకుండా చూస్తే కళ్లు పొడిబారి ఎర్రబడతాయి, దానికి కాస్త విరామం, మామూలు లూబ్రికెంట్ చుక్కలు సరిపోవచ్చు. సీసా మీద డెక్సామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి పేరుంటే అది స్టెరాయిడ్. ఎర్రదనం చిటికెలో పోతుంది, కానీ కొందరికి లోపల కంటి ప్రెజర్ పెరిగి చూపు నరం దెబ్బతింటుంది, నొప్పి కూడా తెలియకపోవచ్చు. ఒకే సీసా అందరూ వాడితే ఇన్ఫెక్షన్ కూడా అందరికీ. పేరు రాసిపెట్టుకుని సీసా పారేయండి. అందులోంచి చుక్కలు వేసుకున్నవాళ్లంతా, ఎన్నాళ్లు వేసుకున్నారో చెప్పి, కళ్ల డాక్టర్ దగ్గర ప్రెజర్ చూపించుకోండి.