పద్దు వేసుకోని ప్రేమ

ప్రభువునందు ప్రియమైన కుమారునికి,

యేసుక్రీస్తు నామమున వందనాలు.

నీ ఉత్తరం అందింది. సంఘంలో పిలిచినవారికల్లా సాయపడుతున్నా లోపల ప్రేమ చల్లారిపోతోందని, చేసినదాన్ని ఎవరూ గుర్తించకపోతే మనసు నొచ్చుకుంటోందని రాశావు. నేను కూడా ఏళ్ల తరబడి ఆ బాధలోనే నడిచాను కనుక, దాని నుండి నేర్చుకున్నదే నీకు రాస్తున్నాను.

మొదటి కొరింథీ పత్రిక 13వ అధ్యాయంలో ప్రేమ "అపకారమును మనస్సులో ఉంచుకొనదు" అని ఉంది. అక్కడ పౌలు వాడిన గ్రీకు మాట లెక్కలు రాసేచోట కూడా వాడుకలో ఉన్న మాట. పద్దు వేసుకోవడం అనే భావం అందులో ఉంది. ఎదుటివారి తప్పులకు పద్దు వేయకూడదనే మనం దాన్ని సాధారణంగా చదువుకుంటాం. కాని మనం చేసిన మేలుకు వేసుకునే పద్దే ముందు మొదలవుతుందని, "ఇంత చేశాను" అన్న లెక్క ఉన్న చోటే "నాకు ఇంతే చేశారు" అన్న లెక్క పుడుతుందని నా అనుభవం.

సంఘంలో మంచం పట్టిన ఒక వృద్ధుడి దగ్గరకు నేను వారం వారం వెళ్లేవాణ్ణి. ఒకరోజు గోళ్లు మెత్తబడాలని ఆయన పాదాలను గోరువెచ్చని నీళ్లలో ఉంచి, తుడిచి, గోళ్లు తీస్తుంటే, ఆయన కాలు వెనక్కి లాక్కుని నన్ను గట్టిగా కసిరారు. ఆ క్షణంలో నేను ఎన్ని వారాలుగా వస్తున్నానో ఆ అంకె ఠక్కున నా మనసులోకి వచ్చింది. అది అంత సిద్ధంగా ఉండటం చూసి నాకు భయం వేసింది. ఆ రాత్రి యోహాను సువార్త 13వ అధ్యాయం తీశాను. తనను అప్పగించబోయేవాడెవడో తెలిసి కూడా ప్రభువు శిష్యుల పాదాలు కడిగాడు. ఆ అప్పగించబోయే శిష్యుడు యూదా బయటికి వెళ్లింది ఆ తరువాతనే. మరుసటి వారం వెళ్లి ఆ వృద్ధుడి కాలు మళ్లీ చేతిలోకి తీసుకున్నప్పుడు, మడమ దగ్గర లోతుగా చీలిన పగులు కనబడింది. అన్నాళ్లూ నొప్పి అక్కడే ఉంది. నా సేవను చూసుకుంటూ కూర్చున్న నేను ఆ పగులును చూడలేదు.

కనుక నీవు చేసిన మేలును కొంతకాలం ఎవరికీ చెప్పకు, సాక్ష్యాలు చెప్పే కూటంలో కూడా. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు ఊరికే అనలేదు. చెప్పుకున్న ప్రతిసారీ పద్దు పెరుగుతుంది. తిరిగి ఏమీ ఇవ్వలేని ఒక్క మనిషిని ఎంచుకుని, ఆ ఒక్కరి దగ్గరే ఈ అలవాటు మొదలుపెట్టు.

వెళ్లినప్పుడు ఏం కావాలో ముందు అడుగు. బర్తిమయి గుడ్డివాడని అందరికీ తెలుసు, అయినా ప్రభువు "నేను నీకేమి చేయ గోరుచున్నావు" అని అడిగాడు. మనకు తోచిన మేలును ఎదుటివారి మీద మోపడం చాలాసార్లు మన తృప్తి కోసమే జరుగుతుంది.

అంతా నీవే మోయాలని కూడా అనుకోకు. ప్రభువు చెప్పిన ఉపమానంలోని మంచి సమరయుడు, దారిలో పడి ఉన్నవాని గాయాలకు కట్టు కట్టి, పూటకూళ్లవానికి రెండు దేనారములు, అంటే రెండు రోజుల కూలి, ఇచ్చి, మిగతా సంరక్షణ అతనికి అప్పగించాడు. తిరిగి వస్తానన్నాడే గాని అక్కడే ఉండిపోలేదు. అలాగే, నిన్ను హింసించేవారి అన్యాయాన్ని మౌనంగా భరించడం ప్రేమ అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ప్రేమ సత్యమునందు సంతోషించును అని కూడా పౌలు అదే అధ్యాయంలో రాశాడు.

అలసిపోయినప్పుడు పనిని కొంచెం పక్కన పెట్టి ప్రార్థనలో కూర్చో. ప్రభువు కూడా జనసమూహాలను విడిచి అరణ్యంలోకి వెళ్లేవాడు. ఆయన మొదట మనలను ప్రేమించాడు కనుకనే మనం ప్రేమించగలుగుతున్నామని యోహాను రాశాడు. ఆ ప్రేమను పుచ్చుకోవడానికి సమయం ఇవ్వనివాడు ఇతరులకు తన దగ్గర లేనిదాన్ని పంచబోతాడు.

ఈ వారం ఆ ఒక్క మనిషి దగ్గరకు వెళ్లి రా. తిరిగి వచ్చాక నీవు ఏం చేశావో నాకు రాయవద్దు, ఆ మనిషి ఎలా ఉన్నారో రాయి.

ప్రభువునందు,
నీ తండ్రివంటివాడు