పితూరీ అంటే చాడీయా, తిరుగుబాటా?

‘పితూరీలు చెప్పడం అంటే చాడీలు చెప్పడం కదా, మరి చరిత్ర పుస్తకంలో రంప పితూరీ ఏమిటి?’ అని అడిగారు. ఇదే తికమక నేను ఏడేళ్ల వయసులో పడ్డాను.

మాది నర్సీపట్నం దగ్గర పల్లె. బళ్లో పక్కవాడి మీద ఫిర్యాదు చేస్తే, “ఊరికే పితూరీలు మొయ్యకు” అని మాస్టారు నా చెవి మెలిపెట్టారు. ఇంటికొస్తే మా తాతమ్మ ఎవరితోనో, “నా పెళ్లి పితూరీలో అయింది, మలబారు పోలీసులు దిగారని మేళం కూడా పెట్టలేదు” అంటోంది. పెళ్లిపందిట్లో అందరూ ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకుంటున్నట్టు ఊహించుకున్నాను. ఆవిడ చెప్పింది 1922-24 నాటి మన్యం పితూరీ, అంటే తిరుగుబాటు గురించని, మలబారు పోలీసులంటే దాన్ని అణచడానికి దించిన బలగమని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి అల్లూరి సీతారామరాజు దళం తుపాకులు ఎత్తుకుపోయిన కాలం అది. పోడు కొట్టుకోనివ్వకపోవడం, రోడ్డు పనుల్లో వెట్టి, వీటితో కొండవాళ్లు అప్పటికే విసిగి ఉన్నారు. అంతకుముందు 1879లో గోదావరి మన్యంలోని రంప ప్రాంతంలో లేచిన రంప పితూరీకి మన్సబుదారు (అక్కడి కొండ జమీందారు) దోపిడీ, కల్లు మీద పన్ను కారణాలు.

మాట మాత్రం కొండది కాదు. అరబ్బీ ‘ఫుతూర్’కి నీరసం, సడలడం అని అర్థం. ఉర్దూకి వచ్చేసరికి లోపం, అల్లరి, కల్లోలం అయింది. మనకు ‘ఫ’ పలకదు కాబట్టి ‘పి’ అయింది. బ్రిటిషు రికార్డుల్లోనూ ఇదే మాట, తిరగబడ్డవాళ్లు ‘పితూరీదార్లు’. అంటే ఇది సర్కారు కచేరీలో కూర్చున్నవాడు వాడిన మాట. ధిక్కారం అన్నప్పుడు ఎదిరించినవాడి పౌరుషం వినిపిస్తుంది. పితూరీ అన్నప్పుడు నాకు దొరవారి చిరాకే వినిపిస్తుంది.

మరి చాడీ ఎలా అయింది? ఫలానావాళ్లు పితూరీ చేస్తున్నారని పైవాళ్ల చెవిన వేసే కబురుకే క్రమంగా ఆ పేరు వచ్చి ఉంటుందని నా ఊహ. ఊహేనండోయ్, ప్రమాణం కాదు.

వాడుకలో తేడా క్రియాపదం పట్టిస్తుంది. ‘చెప్పాడు’, ‘మోశాడు’ అంటే చాడీ. ‘లేవదీశాడు’ అంటే తిరుగుబాటు. ఈరోజుల్లో రెండోది చరిత్ర రాసేటప్పుడే. ఆఫీసులో “వాడు మేనేజరు మీద పితూరీ చేశాడు” అంటే పైకి ఫిర్యాదు పెట్టాడనే అనుకుంటారు, సమ్మె కట్టాడని ఎవరూ అనుకోరు.

పొరుగు భాషల్లో మాత్రం జాగ్రత్త. హిందీ ‘ఫితూర్’ తలకెక్కిన పిచ్చి. మరాఠీ ‘ఫితూర్’ శత్రువుతో చేతులు కలిపినవాడు. కోర్టులో మాట మార్చిన సాక్షినీ అలాగే అంటారు. కన్నడంలో ‘పితూరి’ అంటే కుట్ర. బెంగళూరులో చేరిన కొత్తలో, “నీ మీద ఏదో పితూరి నడుస్తోంది” అని కన్నడ సహోద్యోగి చెవిలో ఊదితే, ఎవరో బాసుకి చాడీలు చెప్పారు కాబోలు, పోనీలే అనుకుని వారం రోజులు నిశ్చింతగా తిరిగాను. ఈలోగా నా ప్రాజెక్టు ఇంకొకరి చేతికి వెళ్లిపోయింది.